జేసీబీ రాని చోట మొద్దును కదిలించే లెక్క

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన కొడితే హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ రోడ్ల మీద ముందుగా కూలేది చెట్లే. దీనికి కారణం కొంత నేలలోనే ఉంది. ఈ ప్రాంతమంతా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాతి మీద నిలబడింది. చాలాచోట్ల దాని మీది మట్టి పొర పలచన, వేర్లు లోతుకు దిగవు. దిగిన కొన్నింటినీ కేబుళ్ల కోసం, పైపుల కోసం తవ్వే కందకాలు తెంపేస్తాయి. తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు త్వరగా ఎదిగి నీడనిస్తాయి కాబట్టి రోడ్ల పక్కన విరివిగా నాటారు. కొమ్మలు బరువెక్కాక గాలికి ముందు ఒరిగేవీ అవే.

రోడ్డు మీద పడ్డ చెట్టును 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కింద పనిచేసే విపత్తు స్పందన దళం (డీఆర్ఎఫ్) బృందాలు కోసి, పక్కకు తీసి, దారి ఇస్తాయి. గేటెడ్ కమ్యూనిటీ వెనక తోటలోనో, ఐటీ క్యాంపస్‌లో రెండు బ్లాకుల మధ్యనో, సెల్లార్ పైకప్పు మీద పెంచిన లాన్‌లోనో చెట్టు పడితే సంగతి వేరు. కొమ్మలను రంపంతో కోసి ఎత్తుకుపోతారు. మొద్దు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటుంది. జేసీబీని పిలవడం ఫోన్ చేసినంత తేలికే, అది లోపలికి రావడమే కష్టం.

ఇలాంటి చోట ఒక మనిషి చేత్తో మోసుకెళ్లగల వించ్, ఒకటి రెండు కప్పీలు, కొన్ని పట్టీలు ఉంటే టన్ను మొద్దునైనా కదిలించవచ్చు. వించ్ ఎంత లాగుతుందన్నది ఇందులో చివరి ప్రశ్న. దానికి ముందు వేసుకోవాల్సిన లెక్కలు నాలుగున్నాయి: మొద్దు బరువెంత, దాన్ని లాగడానికి పట్టే బలమెంత, కప్పీ ఎంత తగ్గిస్తుంది, ఆ తగ్గిన భారం ఎక్కడికి పోతుంది. చదవడానికి సులువుగా ఉండాలని ఈ కథనంలో లాగుడు బలాన్ని కూడా కిలోల్లోనే చెబుతున్నాం.

ముందు టేపు తీయండి

మొద్దు బరువు కనుక్కోవడానికి కాటా అక్కర్లేదు, టేపు చాలు. నడిమి చుట్టుకొలత, నిడివి మీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, నిడివితో గుణించి, 80తో గుణిస్తే బరువు కిలోల్లో వస్తుంది. అప్పుడే కోసిన పచ్చి మొద్దు ఘనమీటరుకు దాదాపు 1,000 కిలోలు తూగుతుందన్న అంచనా మీద ఈ సూత్రం నిలబడింది. జాతిని బట్టి, తేమను బట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది.

3 మీటర్ల నిడివి ఉన్న పచ్చి మొద్దు బరువు ఇలా ఉంటుంది:

చుట్టుకొలత 1 మీటరు: 240 కిలోలు
చుట్టుకొలత 1.5 మీటర్లు: 540 కిలోలు
చుట్టుకొలత 2 మీటర్లు: 960 కిలోలు
చుట్టుకొలత 2.5 మీటర్లు: 1,500 కిలోలు

చుట్టుకొలత రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. చూపుతో వేసే అంచనా బోల్తాపడేది ఇక్కడే. "పక్కదానికంటే కొంచెం లావు, అంతేగా" అనిపించే మొద్దు సగానికి సగం ఎక్కువ బరువుండవచ్చు.

కలప డిపోల్లో వాడే కొలత ఇందుకు పనికిరాదు. అక్కడ చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, నిడివితో గుణిస్తారు. కోతలో పోయే చెక్కుల్ని ముందే తీసేసిన లెక్క అది, అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపుతుంది. 2.2 మీటర్ల చుట్టుకొలత, 3 మీటర్ల నిడివి ఉన్న మొద్దు అసలు బరువు 1,160 కిలోలైతే, డిపో లెక్కన 907 కిలోలే వస్తుంది. తాడుకు మాత్రం ఆ 253 కిలోల మినహాయింపు ఉండదు.

ఇకపై ఈ 1,160 కిలోల మొద్దునే ఉదాహరణగా తీసుకుందాం. దాన్ని తోట వెనక నుంచి ట్రాక్టర్ ఆగే చోటుకు, అంటే 40 మీటర్లు చేర్చాలి. బరువులు మోసే పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సు ప్రకారం మగ కూలీ ఒక్కడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదు. ఆ లెక్కన ఈ మొద్దుకు 21 మందికి పైగా కావాలి. 3 మీటర్ల మొద్దు చుట్టూ అంతమందికి చెయ్యి వేసే చోటే దొరకదు.

ఎత్తడం వేరు, ఈడ్చడం వేరు

నేల మీద ఈడ్చడానికి బరువంత బలం అక్కర్లేదు. గట్టి పొడి నేల మీద బరువులో సుమారు 60 శాతం సరిపోతుంది. మన మొద్దుకు అది 700 కిలోలు. మనిషి నేల మీద కాళ్లు తన్నిపెట్టి కాసేపు ఆపకుండా 25 కిలోల బలంతో గుంజగలడనుకుంటే, 28 మంది కావాలి.

ఈ 60 శాతాన్ని పెంచేవీ, తగ్గించేవీ ఉన్నాయి. మొద్దు ముందు కొస మట్టిలో దిగబడితే కావలసిన బలం మొద్దు బరువుకు దగ్గరగా వెళుతుంది. అందుకే అనుభవమున్నవారు లాగే ముందు ముక్కును గొడ్డలితో గుండ్రంగా చెక్కుతారు, లేదంటే గడ్డపారతో లేపి కింద ఒక పలక దూరుస్తారు. ఎత్తుకు లాగాలంటే వాలు భారం కూడా తోడవుతుంది. నూటికి 20 వాలులో మన మొద్దుకు 700 కాస్తా సుమారు 910 కిలోలవుతుంది.

సిమెంటు దారి ఉంటే కథ మారిపోతుంది. మొద్దు కింద ఇనుప పైపులు దొర్లేలా పెడితే బరువులో 8 శాతం చాలనుకోండి, అప్పుడు కావలసింది 93 కిలోలే. నలుగురు మనుషులు చాలు, వించ్ అక్కర్లేదు. అయితే పైపులు సమతలం మీదే పెట్టాలి. సెల్లార్ ర్యాంపు వాలు 8కి 1 ఉంటే ఈ మొద్దును కిందికి లాగే భారమే 144 కిలోలు. పైపులు ఆపగలిగేది 93. మిగిలిన 51 కిలోల బలంతో మొద్దు తనంతట తానే దొర్లిపోతుంది. ర్యాంపు మీద పైపులు పెట్టకూడదన్నది ఈ తీసివేత చెప్పే మాట.

చేత్తో మోసుకెళ్లే ఇంజిను

చేత్తో మోయగల వించ్‌లలో మూడు రకాలు చెప్పుకోవాలి. మొదటిది చేతి మీటతో నడిచేది. టవర్లు నిలబెట్టేవారికి, కరెంటు లైన్లు లాగేవారికి ఇది టిర్ఫర్‌గా తెలుసు. రెండు దవడలు ఉక్కు తాడును మార్చి మార్చి పట్టి ముందుకు లాగుతాయి. బలం ఎక్కువ, వేగం తక్కువ. మీటను ఒకసారి ముందుకూ వెనక్కూ ఊపితే తాడు ఐదారు సెంటీమీటర్లు కదులుతుంది. 40 మీటర్లకు ఏడు వందల ఊపులు.

రెండోది తాడును తనలోనే చుట్టుకునే డ్రమ్ము వించ్. ఆఫ్‌రోడ్ జీపుల ముందు కనిపించేది ఇదే. దీనికో లోపముంది. తాడు పొర మీద పొర చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావై, లాగుడు తగ్గుతుంది. 60 మిల్లీమీటర్ల డ్రమ్ముకు 10 మిల్లీమీటర్ల తాడు చుడితే, మొదటి పొరలో 1,000 కిలోలు లాగే యంత్రం నాలుగో పొర చేరేసరికి 540 దగ్గరే ఆగుతుంది. కంపెనీ పలక మీద రాసేది మొదటి పొర అంకె.

మూడోది క్యాప్‌స్టన్ వించ్. తాడును డ్రమ్ము చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పి, వెనక కొసను చేత్తో పట్టుకుంటారు. తాడు ఒక పక్క వస్తుంటే మరో పక్క పోతుంటుంది. పొరలు పేరుకోవు కాబట్టి లాగుడు మొదట ఎంతో చివరా అంతే. తాడు పొడవుకూ పరిమితి లేదు. కెనడాలో తయారయ్యే పోర్టబుల్ వించ్ కంపెనీ పీసీడబ్ల్యూ5000 ఈ కోవదే. హోండా 50 సీసీ పెట్రోల్ ఇంజిను, 16 కిలోల బరువు, 1,000 కిలోల లాగుడు, నిమిషానికి 12 మీటర్ల వేగం. అదే కంపెనీ చిన్న మోడల్ 9.5 కిలోలు తూగి 700 కిలోలు లాగుతుంది.

వందల కిలోల భారాన్ని చేతి పట్టు ఎలా ఆపుతుంది? 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరుతో ఉన్న సూత్రం దీన్ని వివరిస్తుంది. తాడుకూ డ్రమ్ముకూ మధ్య రాపిడి గుణకం 0.2 అనుకుంటే, ఒక్కో చుట్టుకూ చేతి మీది భారం మూడున్నర రెట్లు తగ్గుతుంది. తాడు మీద 360 కిలోలున్నప్పుడు ఒక చుట్టుతో ఆపాలంటే 103 కిలోలు పట్టాలి. రెండు చుట్లకు 29, మూడింటికి 8.4, నాలుగింటికి 2.4 కిలోలు చాలు. తాడు తడిసినా, నూనె అంటినా ఆ గుణకం తగ్గుతుంది. వానాకాలంలో ఒక చుట్టు అదనంగా వేయమనేది అందుకే.

కప్పీ ఇచ్చేది, తీసుకునేది

బావి గిలక బలాన్ని తగ్గించదు. పైకి లాగాల్సిన తాడును కిందికి లాగేలా దిక్కు మారుస్తుంది, అంతే. చెట్టుకు కట్టిన కప్పీ చేసేదీ ఆ పనే. బలం తగ్గాలంటే కప్పీ మొద్దుతో పాటు కదలాలి. తాడు ఒక కొసను ముందున్న చెట్టుకు కట్టి, మొద్దుకు తగిలించిన కప్పీ గుండా తిప్పి, మళ్లీ ముందున్న వించ్‌కు తేవాలి. అప్పుడు రెండు వరుసల తాడు మొద్దును పంచుకుని లాగుతాయి.

బేరింగు ఉన్న మంచి కప్పీలో 5 శాతం రాపిడికి పోతుందనుకుని, 700 కిలోల లాగుడును 40 మీటర్ల దూరానికి లెక్కిస్తే:

నేరుగా లాగితే: వించ్ మీద 700 కిలోలు, తాడు 40 మీటర్లు, 3 నిమిషాల 20 సెకన్లు
రెండు వరుసలు: 360 కిలోలు, తాడు 80 మీటర్లు, 6 నిమిషాల 40 సెకన్లు
మూడు వరుసలు: 245 కిలోలు, తాడు 120 మీటర్లు, 10 నిమిషాలు

నిమిషానికి 12 మీటర్ల చొప్పున తాడు ఆగకుండా వస్తే పట్టే సమయాలివి. పట్టీలు సర్దడానికి, దారి చూసుకోవడానికి పట్టే సమయం దీనికి అదనం. కప్పీ ఊరికే ఏదీ ఇవ్వదు, బలంలో తగ్గించిందాన్ని తాడులో, సమయంలో వసూలు చేస్తుంది. అయినా బేరం లాభసాటిదే. నేరుగా లాగితే 700 కిలోల చిన్న వించ్ అంచు మీద నిలబడుతుంది. మొద్దు ఏ రాయికో తట్టుకుంటే ఇంజిను ఆగిపోతుంది. ఒక్క కప్పీ చేరిస్తే అదే వించ్ తన శక్తిలో సగంతో పని ముగిస్తుంది.

కప్పీ నాణ్యత కూడా లెక్కలోకి వస్తుంది. తుప్పు పట్టి ప్రతిచోటా నాలుగో వంతు బలాన్ని తినేసే కప్పీలైతే, మూడు వరుసల్లో 245 అనుకున్నది 300 దాటుతుంది. తెరిచి తాడును నడిమి నుంచే వేసుకోగల స్నాచ్ బ్లాక్ ఈ పనికి అనువు. 120 మీటర్ల తాడును కొస నుంచి దూర్చే బాధ ఉండదు.

భారం ఎక్కడికి పోయింది?

వించ్ మీద 700 కాస్తా 360 అయింది. మిగతా 340 మాయమవలేదు. తాడు రెండో కొస కట్టిన చెట్టు దాన్ని మోస్తోంది. వించ్‌నూ, తాడు కొసనూ ఒకే చెట్టుకు కడితే ఆ చెట్టు మీద పడే భారం కప్పీ ఉన్నా లేకున్నా 700 కిలోలే. చాలామంది లెక్కలో వదిలేసేది దీన్నే.

దిక్కు మార్చే కప్పీ దగ్గర ఇంకా ఎక్కువ పడుతుంది. సందుల్లో, భవనాల మూలల్లో తాడును మలుపు తిప్పక తప్పదు. తాడు మీద 700 కిలోలున్నప్పుడు, రాపిడిని పక్కన పెడితే, మలుపు దగ్గరి కప్పీని పట్టుకున్న చెట్టు మీద పడే భారం ఇది:

30 డిగ్రీల మలుపు: 360 కిలోలు
60 డిగ్రీల మలుపు: 700 కిలోలు
90 డిగ్రీల మలుపు: 990 కిలోలు
పూర్తిగా వెనక్కి తిరిగితే: 1,400 కిలోలు

వించ్ నడిపేవాడు మొద్దు పక్కనే నిలబడి, తాడును ఎదుటి చెట్టు దాకా పంపి వెనక్కి తెచ్చుకుంటే ఆ చెట్టు 1,400 కిలోలకు తట్టుకోవాలి. టన్ను వరకు పనికొచ్చే పట్టీ వాడి, "వించ్ లాగేది 700యే కదా" అనుకుంటే ప్రమాదం ఆ మలుపు దగ్గరే కాచుకుని ఉంటుంది.

దేనికి కట్టాలి? ఆరోగ్యంగా ఉన్న లావాటి చెట్టుకు, అదీ మొదట్లో. 700 కిలోల లాగుడును నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో కడితే వేర్ల మీద పడే మెలితిప్పు 210 కిలోగ్రామ్-మీటర్లు. అదే ఛాతీ ఎత్తున, మీటరున్నర దగ్గర కడితే 1,050, అంటే ఐదు రెట్లు. మట్టి పలచగా ఉన్న చోట ఇంకో చెట్టు కూలడానికి ఇది చాలు. దీపస్తంభాలు, గేటు దిమ్మెలు, అగ్నిమాపక పైపులు, కారు బంపర్లు ఈ పనికి ఎన్నటికీ పనికిరావు.

ఈ ప్రాంతంలో అందరికీ తట్టే ఆలోచన బండరాయి. దానికీ ఒక లెక్క ఉంది. గ్రానైటు ఘనమీటరుకు సుమారు 2,650 కిలోలు. మీటరు అడ్డకొలత ఉన్న గుండ్రాయి 1,390 కిలోలు తూగుతుంది. నేల మీద ఊరికే కూర్చున్న రాయి 60 శాతం దగ్గర, అంటే సుమారు 830 కిలోలకు తానే జారుతుంది. 90 డిగ్రీల మలుపుకు కావలసిన 990ని అది ఆపలేదు. 2 మీటర్ల గుండు 11 టన్నులు, ఆ భారానికి చెక్కుచెదరదు. ఒకదాని మీద ఒకటి నిలిచిన రాళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు.

చెట్టుకు కట్టేది తాడు కాదు, వెడల్పాటి పాలిస్టర్ పట్టీ. కింద గోనె సంచి మడిచి పెడితే బెరడు గాయపడదు. ఈ పట్టీల రంగే వాటి శక్తి చెబుతుంది: ఊదా టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద నాలుగు, ఎరుపు ఐదు టన్నులు. ఉరి వేసినట్టు బిగిస్తే ఆ శక్తి 80 శాతానికి పడిపోతుంది. చెట్టు చుట్టూ ఊయలలా తిప్పి రెండు కొసలనూ ఒకే షాకిల్‌కు, అంటే ఇనుప కొండీకి, తగిలిస్తే, కొసలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నంతవరకు, రెట్టింపవుతుంది.

తాడులో దాగిన దెబ్బ

తాడు తెగితే ఎంత దెబ్బ తగులుతుందన్నది అది ఎంత సాగిందన్న దాని మీద ఆధారపడుతుంది. 50 మీటర్ల తాడు మీద 500 కిలోల లాగుడు ఉందనుకుందాం. 2 శాతమే సాగే పాలిస్టర్ తాడైతే ఒక మీటరు సాగి, 2,450 జౌళ్ల శక్తి దాచుకుంటుంది. 60 కిలోల మనిషి 4 మీటర్ల పై నుంచి పడినంత. 10 శాతం సాగే నైలాన్ తాడైతే 5 మీటర్లు సాగి, 12,260 జౌళ్లు దాస్తుంది. అదే మనిషి దాదాపు 21 మీటర్ల పై నుంచి, అంటే ఏడో అంతస్తు నుంచి పడినంత. హార్డ్‌వేర్ దుకాణంలో చవగ్గా దొరికే నైలాన్ మోకుతో మొద్దులు లాగవద్దనడానికి కారణం ఈ అంకెలే. తెగడానికి పట్టే భారంలో ఐదో వంతుకు మించి తాడు మీద పెట్టకూడదన్నది సాధారణ నియమం.

లాగుతున్నప్పుడు తాడు మలుపు తిరిగే చోట లోపలి వైపు ఎవరూ ఉండకూడదు. కప్పీ ఊడితే అది దూసుకొచ్చేది అటే. తాడు మీదుగా దాటకూడదు. చేతి తొడుగులు వేసుకోవాలి, తాడు కొసను చేతికి చుట్టుకోకూడదు. మెడలోని ఐడీ కార్డు ట్యాగు, చున్నీ, కండువా తీసి పక్కన పెట్టాలి. తిరిగే డ్రమ్ముకు అవి ఒక చుట్టు దొరికితే ఏమవుతుందో పైన చెప్పిన మూడున్నర రెట్ల లెక్కే చెబుతుంది.

జేసీబీతో పోలిస్తే

సాధారణ బ్యాక్‌హో జేసీబీ బరువు ఏడున్నర, ఎనిమిది టన్నులు. క్యాప్‌స్టన్ వించ్ 16 కిలోలు. రోడ్డు మీద జేసీబీయే నయం, పది నిమిషాల పని. తోటలో అలా కాదు. చెట్ల వేర్లలో ఎక్కువ భాగం నేల పై 60 సెంటీమీటర్లలోనే ఉంటాయి. తడి నేల మీద ఎనిమిది టన్నులు ఒక్కసారి తిరిగితే మట్టి గట్టిపడి, గాలీ నీరూ ఆడక బతికున్న పక్క చెట్లు ఏడాది రెండేళ్లలో ఎండుముఖం పడతాయి. ఒక చెట్టును తీయబోయి నాలుగింటికి తెచ్చే చేటు ఇది. కొండాపూర్‌లోని 274 ఎకరాల కోట్ల విజయభాస్కర్ రెడ్డి బొటానికల్ గార్డెన్ లాంటి చోట్లకు తేలిక పరికరం తగినదనడం అందుకే.

సెల్లార్ పైకప్పు మీది లాన్ సంగతి ఇంకా సున్నితం. భారాల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం కార్లు నిలిపే అంతస్తును చదరపు మీటరుకు సుమారు 250 కిలోల భారానికి లెక్కిస్తారు. తోట కోసం వేసిన శ్లాబు దేనికి తట్టుకుంటుందో స్ట్రక్చరల్ ఇంజినీరును అడగకుండా ఎనిమిది టన్నుల యంత్రాన్ని దాని మీదికి ఎక్కించడం సాహసం కాదు, నిర్లక్ష్యం.

ఈ పనికి హద్దులు

వించ్ అన్నిటికీ మందు కాదు. బతికున్న చెట్టును వేర్లతో సహా తరలించాలంటే 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు మట్టిగడ్డే దాదాపు 10.8 టన్నులు. అది క్రేన్ల పని. సైబరాబాద్‌ను ఆనుకుని చేవెళ్ల దారిలో ఉన్న మర్రిచెట్లను తరలించడం గురించి మాట్లాడేవారు ముందుగా చూడాల్సింది ఈ బరువునే.

కరెంటు తీగ మీద పడ్డ చెట్టును తాడు వేసి లాగవద్దు. 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపారని తేలేదాకా దూరంగా ఉండండి. మరో చెట్టు మీదికి ఒరిగి ఆగినదాన్ని, వేళ్ల గడ్డ సగం లేచి బిగుసుకున్నదాన్ని అనుభవమున్న కోతవారికే వదలండి. నిలబడి ఉన్న చెట్టునైతే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 కింద అనుమతి లేకుండా కొట్టకూడదు. 2025లో కంచ గచ్చిబౌలిలో దాదాపు 100 ఎకరాల చెట్లు భారీ యంత్రాల కింద పోయాక ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని ఆపించింది. మొద్దును ఎలా కదిలించాలన్న ప్రశ్న, చెట్టును కొట్టవచ్చా అన్న ప్రశ్న తర్వాతే వస్తుంది.

ఏది ముందు కొనాలి

సొసైటీకో, క్యాంపస్‌కో ఈ సామగ్రి సమకూర్చుకోవాలంటే చాలామంది వించ్‌తో మొదలుపెడతారు. పైన వేసిన లెక్కలు అందుకు తిరగేసిన వరుస చెబుతున్నాయి. ముందు టేపు, తర్వాత రెండు మూడు టన్నుల పట్టీలు నాలుగు, వాటికి సరిపడా షాకిళ్లు, బేరింగు ఉన్న స్నాచ్ బ్లాకులు రెండు, తక్కువ సాగే పాలిస్టర్ తాడు 100 మీటర్లు. వించ్ ఆఖరున. ఇవి ఉంటే 700 కిలోల చిన్న వించ్ సరిపోతుంది, ఇవి లేకపోతే టన్ను వించ్ కూడా ప్రమాదమే. వాడేది ఏడాదికి నాలుగైదు సార్లు కాబట్టి పక్కపక్క సొసైటీలు కలిసి ఒక సెట్టు కొనుక్కుని, వానాకాలానికి ముందు ఇద్దరు ముగ్గురు సిబ్బందికి తర్ఫీదు ఇప్పించుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

మన 1,160 కిలోల మొద్దుకు ఇంకో దారి కూడా ఉంది. పలకలుగా కోయించే ఉద్దేశం లేకపోతే నడిమికి ఒక కోత వేయండి. ఒక్కో ముక్క 580 కిలోలు, ఈడ్చడానికి 350 కిలోలు చాలు. కొనే ముందు వించ్ పలక మీది పెద్ద అంకెను పక్కన పెట్టి, పట్టీ, షాకిల్, కప్పీ, తాడు, వాటిని కట్టే చెట్టు, ఈ ఐదింటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఏదో చూడండి. మీరు లాగగలిగేది అంతే.